మూల ఆక్రమణ నియమావళి

మా కార్యాలయం పని లేక ఒక ఆటను పట్టుకుందని ఊళ్లో అనుకుంటున్నారు. ఆ ఫైలును మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నడిపినవాణ్ని నేనే కనుక, అది నిజం కాదని చెప్పవలసిన బాధ్యత నా మీద ఉంది. మాకు పని లేకపోవడమేమిటి. చెరువు గర్భాలు, వాగు పోరంబోకులు, రోడ్డు మార్జిన్లు కలుపుకుని జిల్లాలో రెండు వేల చిల్లర ఆక్రమణలు మా బీరువాల్లో ఉన్నాయి. వాటిలో ఇంతవరకూ ఒక్కటీ తొలగించలేదు. అంటే పనంతా అలాగే ఉందన్నమాట.

నా పేరు రఘుపాత్రుని వైకుంఠ పట్నాయక్. ఆక్రమణల నిరోధక ప్రత్యేకాధికారి గారి కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని.

కిందటి ఏడాది వర్షాలు మొదలయ్యే రోజుల్లో జిల్లా గో సంఘం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. గో అంటే బల్ల మీద నల్లరాళ్లూ తెల్లరాళ్లూ పెట్టి ఆడే ఆట. చైనా, జపాను దేశాల్లో వందల ఏళ్లుగా ఆడుతున్నారట. మా జిల్లాలో పదిహేనుమంది ఆడతారని అప్పటిదాకా నాకు తెలియదు. సంఘం కార్యదర్శి బెహరా కూర్మనాథం గారు ప్రభుత్వ కాలేజీలో భూగర్భశాస్త్రం లెక్చరరు. ఆయనకు తెలుగంటే ప్రాణం. ఆ ఆటలోని ప్రతి మాటకూ తెలుగు మాట కనిపెట్టి వాడతారు. జిల్లా పోటీలకు ప్రభుత్వ హాలు ఇప్పించమనీ, పోటీలకు ముందు ఒక పూట "ఆట తొలిదశలో మూల ఆక్రమణ క్రమాలు" అనే అంశం మీద శిక్షణ ఉంటుందనీ ఉత్తరంలో రాశారు.

ఇన్‌వర్డు గుమాస్తా "గో" అన్న మాట చూసి దాన్ని పశుసంవర్ధక శాఖకు పంపించాడు. వాళ్లు మూడు వారాలు పరిశీలించి, పాల్గొనబోయే గోవుల సంఖ్య, జాతి, వేయించిన టీకాల వివరాలు జతపరచలేదని వెనక్కి పంపారు. రెండోసారి ఎవరో మూడో వరస దాకా చదివి, "ఆక్రమణ" అన్న మాట కింద ఎర్రగీత గీసి మాకు పంపించారు.

మా ప్రత్యేకాధికారి దూసి జనార్దనరావు గారు అంతకుముందు తూనికలు కొలతల శాఖలో పనిచేసి వచ్చారు. ఆయన మంచి మనిషి. లంచం ముట్టరు, సెలవు పెట్టరు, నియమం లేని చోట కాలు పెట్టరు. ఉత్తరం రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"పట్నాయక్ గారూ, ఆక్రమణలు చేసినవాళ్లని చూశాం, చేయించినవాళ్లని చూశాం. హాలు ఇప్పిస్తే తర్ఫీదు ఇస్తామని ప్రభుత్వానికే దరఖాస్తు పెట్టుకున్నవాళ్లను చూడడం నా సర్వీసులో ఇదే ప్రథమం" అన్నారు.

నన్ను క్షేత్రస్థాయి విచారణకు పంపించారు.

సంఘం ఒక సైకిలు షాపు మేడ మీద ఉంది. ఆదివారం ఉదయం వెళ్లేసరికి ఏడెనిమిది మంది బల్లల ముందు వంగి కూర్చుని ఉన్నారు. ప్రభుత్వం శ్రద్ధ చూపిస్తోందని కూర్మనాథం గారు పొంగిపోయి, నన్ను పైల నీలవేణి ఎదురుగా కూర్చోబెట్టారు. ఆవిడ ఆర్టీసీలో కండక్టరు. వయసు ముప్ఫై అయిదుంటుంది. బస్సు చివరి స్టేజీలో ఆగి ఉండే అరగంటల్లో సెల్‌ఫోనులో ఈ ఆట నేర్చుకుందట. అయిదేళ్లుగా జిల్లాలో ఆవిణ్ని ఓడించినవాళ్లు లేరని కూర్మనాథం గారు తన సొంత పిల్ల గురించి చెప్పినట్లు చెప్పారు.

నీలవేణి నాకు ఓపికగా చెప్పింది. బల్ల మీద నిలువుగా పందొమ్మిది గీతలు, అడ్డంగా పందొమ్మిది. అవి కలిసే చోట్లు మూడు వందల అరవై ఒకటి. ఒకరి తర్వాత ఒకరు ఆ చోట్లలో రాళ్లు పెట్టాలి. పెట్టిన రాయిని కదపకూడదు. ఎక్కువ ఖాళీని చుట్టుకున్నవాళ్లు గెలిచినట్టు. మూలల్లో రెండు పక్కలా బల్ల అంచే కాపలా కాస్తుంది కనుక తక్కువ రాళ్లతో చోటు చుట్టుకోవచ్చు. అందుకని అందరూ ముందు మూలల మీదికే వెళతారు.

ఆవిడ చెప్పినట్టు నేను మూలకు దగ్గరగా, రెండు అంచుల నుంచీ నాలుగో గీత మీద ఒక తెల్లరాయి పెట్టాను. ఆ మూల ఇక నాదే అనుకున్నాను. ఆవిడ ఒక నల్లరాయి తీసి నా రాయికి లోపలి వైపు, అటు మూడో గీత, ఇటు మూడో గీత కలిసే చోట పెట్టింది. నేను ఒక పక్క అడ్డుకున్నాను. ఆవిడ రెండో పక్కకు జరిగింది. అటు అడ్డుకున్నాను. ఇటు జరిగింది. పది రాళ్లు అయ్యేసరికి ఆవిడ నా మూలలో సంసారం పెట్టేసింది. నేను బయట గోడ కట్టుకుని నిలబడ్డాను.

ఇదెక్కడి న్యాయమని అడిగాను.

"మూల నాకొచ్చింది, గోడ మీకొచ్చింది. గోడ బయటికి సూస్తాది కదా సార్, అటంతా మీ బలమే. ఇద్దరికీ సరిపోయింది" అంది.

మరి ఆ రాళ్లను తర్వాతైనా తీసేయవచ్చా అని అడిగాను. ఖాళీ మిగలకుండా చుట్టూ మూసేస్తే తీసేయవచ్చనీ, కానీ రాళ్ల గుంపు లోపల రెండు విడివిడి ఖాళీలు మిగిలితే వాటిని కళ్లంటారనీ, రెండు కళ్లున్న గుంపును ఎవరూ తీయలేరనీ, అది ఆట అయ్యేదాకా బతికే ఉంటుందనీ చెప్పింది. ఇవన్నీ రాసుకున్నాను.

మర్నాడు నేనిచ్చిన నివేదికలో అబద్ధం ఒక్కటీ లేదు. "ఒక వ్యక్తి హద్దులు పెట్టుకున్న మూలలోకి మరొక వ్యక్తి బుద్ధిపూర్వకంగా ప్రవేశించి, పది అంచెల్లో శాశ్వత నివాసం ఏర్పరచుకొనుచున్నారు. సదరు యజమాని ఎట్టి ఫిర్యాదూ చేయుట లేదు. పైగా ఇరువురూ తృప్తి వ్యక్తపరచుచున్నారు" అని రాశాను. జనార్దనరావు గారు చివరి వాక్యం కింద రెండు గీతలు గీశారు.

హాలు ఇవ్వబోమని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది కదా అని తర్వాత చాలామంది అన్నారు. వాళ్లకు పరిపాలన తెలియదు. నిరాకరిస్తే, నియంత్రించే శక్తి మనకు లేదని ఒప్పుకున్నట్టు అవుతుంది. అందుకని అనుమతి ఇచ్చాం. దానికి ఇరవై మూడు నియమాలు జతచేశాం. జనార్దనరావు గారు వాటిని నాలుగు రోజులు కూర్చుని రాశారు. ఆయన మొహంలో అంత వెలుగు నేను మళ్లీ చూడలేదు.

నియమావళి ప్రకారం ప్రతి బల్లకూ సర్వే జరగాలి. మూడు వందల అరవై ఒక్క చోట్లకూ సర్వే నంబర్లు ఉండాలి. రాయి పెట్టని చోట్లన్నీ ప్రభుత్వ పోరంబోకు. రాయి పెట్టినవాడు అనుభవదారుడే తప్ప హక్కుదారుడు కాడు. ఒకరు రాయి పెట్టిన మూలలోకి ఇంకొకరు రాదలిస్తే మూడు ప్రతుల్లో ముందస్తు దరఖాస్తు పెట్టాలి. మూల యజమానికి అభ్యంతరాలు చెప్పుకోవడానికి ఏడు రోజుల గడువు ఇవ్వాలి. ప్రతి మూలకూ ఒక గ్రామ రెవెన్యూ అధికారి కాపలా ఉండాలి.

కూర్మనాథం గారు పరుగెత్తుకొచ్చారు. ఏడు రోజుల గడువైతే ఒక్క ఆట ఆరు నెలలు పడుతుందని మొత్తుకున్నారు. జనార్దనరావు గారు సావధానంగా విన్నారు. ప్రభుత్వం క్రీడలకు ఎంతమాత్రమూ వ్యతిరేకం కాదని చెప్పి, ఏడు రోజులను ఒక్క రోజు చేశారు.

నీలవేణి కూడా ఆయన వెనకే వచ్చింది, ఖాకీ చొక్కాలో, భుజాన సంచీతో. ఆవిడ తొందర వేరు. జిల్లా విజేత జాతీయ పోటీలకు వెళుతుంది. అందుకు డిపోలో ప్రత్యేక సెలవు కావాలంటే ప్రభుత్వ ముద్ర ఉన్న ధ్రువపత్రం నెలాఖరులోగా అందాలి. అంతకుముందు రెండేళ్లూ ఆవిడే గెలిచింది. పోటీ జరిగింది సైకిలు షాపు మీద కనుక ఆ కాగితం చెల్లదని రెండేళ్లూ సెలవు ఇవ్వలేదు. ఈసారైనా ప్రభుత్వ హాల్లో ఆడితే కాగితానికి విలువ వస్తుందని దరఖాస్తు పెట్టించింది ఆవిడేనట. కూర్మనాథం గారు ఆ సంగతి చెబుతున్నంతసేపూ ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది.

పోటీల రోజు హాల్లో నాలుగు బల్లలు వేశారు. నాలుగు బల్లలకు పదహారు మూలలు. పదహారు మూలలకు పదహారుమంది వీఆర్వోలు స్టూళ్ల మీద కూర్చున్నారు. ఆటగాళ్లు ఎనిమిదిమందే కనుక, హాల్లోకి తొంగిచూసినవాళ్లకు వీఆర్వోల పోటీలు జరుగుతున్నట్టు కనిపించింది. సర్వేయరు గొలుసు తెచ్చాడు. అది హాలు కంటే పొడుగు. దాన్ని గుమ్మం బయట పరిచి, చివరి లింకు ఒక్కటే లోపలికి తెచ్చి బల్లను కొలిచాడు. శిక్షణ తరగతిలో ఆక్రమణ అనే మాట వాడకూడదని షరతు పెట్టాం కాబట్టి కూర్మనాథం గారు పూటంతా "అనుమతి పొందిన ప్రవేశం" అంటూ నెట్టుకొచ్చారు.

తొలి ఆటల్లో ఎవరూ ఎవరి మూలలోకీ వెళ్లలేదు. దరఖాస్తుకు భయపడి అందరూ మధ్యలోనే కొట్టుకున్నారు. ఫైనల్లో నీలవేణీ, కూర్మనాథం గారూ ఎదురెదురుగా కూర్చున్నారు. పదిహేడో రాయి ఆవిడ తిన్నగా ఆయన మూలలో, మూడో గీతా మూడో గీతా కలిసే చోట పెట్టింది. ఆ మూల వీఆర్వో లేచి నిలబడ్డాడు. నిజం చెప్పాలంటే పొద్దుటినుంచీ అందరం దానికోసమే చూస్తున్నాం.

ఆట ఆపించి, దరఖాస్తు రాయించి, మూల యజమానికి అభ్యంతరం ఏమైనా ఉందా అని జనార్దనరావు గారు అడిగారు. ఏమీ లేదని కూర్మనాథం గారు చెప్పారు. తన మూలలోకి ఒకరు దూరితే అభ్యంతరం లేదనడం కుమ్మక్కుకు నిదర్శనమనీ, బినామీ కోణంలో విచారణ చేయాలనీ జనార్దనరావు గారు అన్నారు. అయితే అభ్యంతరం ఉందని కూర్మనాథం గారు మాట మార్చారు. అభ్యంతరం ఉంటే విచారణ తప్పనిసరి అన్నారు జనార్దనరావు గారు. బల్ల మీద గాజుపెట్టె బోర్లించి, లక్కసీలు వేసి, ఆట వాయిదా వేశాం.

ఆ తర్వాత ఒక్కొక్కరికి రోజుకొక రాయి. నీలవేణి ఉదయం డ్యూటీ దిగి, టిక్కెట్ల మిషను డిపోలో అప్పగించి వచ్చేది. సీలు తీసేవాళ్లం. పంచనామా చదివేవాళ్లం. కూర్మనాథం గారు తన రాయి పెట్టేవారు. తర్వాత ఆవిడ తన రాయి పెట్టేది. మళ్లీ సీలు వేసేవాళ్లం. నాలుగో రోజు ఆవిడ నా బల్ల దగ్గర ఆగింది.

"సార్, నా బస్సులో అరవైమంది ఎక్కుతారు. సీటు కాడ రోజూ తగువే. నానే తీర్సేస్తాను, రెండు నిమిషాలు పట్టదు. ఈ మూలలో ఇద్దరికీ తగువే లేదు. మీరేటి తీరుస్తన్నారు?" అని అడిగింది.

దానికి ఇంకా ఉత్తర్వులు రాలేదన్నాను.

ఆరో రోజుకు మూలలో పది రాళ్లూ పడ్డాయి. గుంపు బతికిందని ఇద్దరూ చెప్పారు. బతికినట్టు ధ్రువపత్రం ఏదని జనార్దనరావు గారు అడిగారు. రెండు కళ్లుంటే బతికినట్టేనని నా నివేదికలోనే ఉంది కనుక, కళ్ల సంగతి తేల్చమని ఫైలును ఒక ప్రభుత్వ కంటి వైద్యుడికి పంపించాం. ఆయన స్వయంగా వచ్చి, టార్చిలైటు వేసి బల్లను చాలాసేపు చూశారు. "రెండు కళ్లూ ఉన్నవి. చూపు లేదు. అద్దాల వల్ల ప్రయోజనం ఉండదు" అని రాసి సంతకం పెట్టారు.

ఆ కాగితం ఆధారంగా జనార్దనరావు గారు ఉత్తర్వు చెప్పారు, నేను టైపు చేశాను. "రెండు కళ్లు కలిగియున్నట్లు నిర్ధారణ అయిన మూల ఆక్రమణను సజీవమైనదిగా పరిగణించి, తొలగింపు చర్యల నుండి శాశ్వతముగా మినహాయించడమైనది." అందులో ఆట అని గానీ, బల్ల అని గానీ, రాళ్లని గానీ లేదు. ఉత్తర్వులు సంక్షిప్తంగా ఉండాలని ఆయన పట్టుదల. ఒక ప్రతిని నోటీసు బోర్డుకు అంటించాం.

ఆ నోటీసు బోర్డును జిల్లాలో ఎవరూ చదవరు. ఒక్క లుకలాపు సత్తెయ్య తప్ప. సత్తెయ్య మా గేటు బయట బండి మీద టీ అమ్ముతాడు. రోజుకు నాలుగుసార్లు లోపలికి గ్లాసులు తెచ్చి, ఖాళీ గ్లాసుల కోసం వరండాలో నిలబడతాడు. నిలబడి చదవడానికి ఎదురుగా ఉన్నది ఆ బోర్డే. పదకొండేళ్లుగా చదువుతున్నాడు.

సోమవారం మేము ఆఫీసుకు వచ్చేసరికి మా ఆవరణలో ఈశాన్యం మూల నాలుగు రాటలు, పైన రేకు, కింద పొయ్యి ఉన్నాయి. ఉత్తరపు గోడ నుంచి మూడు బారలు, తూర్పు గోడ నుంచి మూడు బారలు. సత్తెయ్య లోపల పాలు కాస్తున్నాడు. జనార్దనరావు గారు స్వయంగా వెళ్లి ఇది ప్రభుత్వ స్థలమని తెలియజేశారు. సత్తెయ్య చెయ్యి తుడుచుకుని, మా ఉత్తర్వు నకలు తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"రెండు కళ్లున్నాయి బాబూ. ఇటొకటి, అటొకటి" అని ముందు తలుపూ వెనక తలుపూ చూపించాడు. "సజీవంగా ఉన్నాను. టీ తాగుతారా?"

జనార్దనరావు గారు తన సంతకాన్ని చాలాసేపు చూశారు. అది ఆయనదే.

నాలుగు రోజుల్లో సంగతి జిల్లా అంతా పాకింది. చెరువు గట్ల మీదా, వాగుల ఒడ్డునా ఉన్న కట్టడాలన్నిటికీ రెండో తలుపు మొలిచింది. వడ్రంగులు దొరకడం మానేశారు. ఒకాయనైతే గోడకు రెండు రంధ్రాలు పొడిచి, వాటి చుట్టూ కాటుక దిద్ది, మా ఆఫీసుకు ఫొటో పంపించాడు. పై నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఉత్తర్వును వెనక్కి తీసుకుందామని నేను మెల్లగా అన్నాను. తప్పు జరిగిందని ఒప్పుకోవడానికి మన దగ్గర ఫారం లేదని జనార్దనరావు గారు బాధగా చెప్పారు. ఆయన రెండు రోజులుగా భోజనం కూడా సరిగ్గా చేయడం లేదు. కనీసం మన ఆవరణలో మూలనైనా కాపాడుకుందామని, నీలవేణిని సాంకేతిక సలహాదారుగా రమ్మని తాఖీదు పంపించారు.

ఆవిడ వచ్చి కిటికీలోంచి సత్తెయ్య కొట్టును చూసింది. చూస్తుండగానే ఆవిడ పెదవుల మీద నవ్వు వచ్చింది. వెంటనే దాన్ని దాచుకుంది.

"సలహా సెప్తాను సార్. ముందు నాదొకటుంది. నెలాకరికి అయిదు రోజులే ఉంది. మా ఆట సగంలో ఆగిపోనాది. ఆ లక్క తీయించండి, వీఆర్వోలని వాళ్ల ఊళ్లకి పంపించండి. ఆట అయిపోనాక మీ మూల సంగతి సూద్దాం."

నియమావళిలో సడలింపుకు అవకాశం ఉన్నదీ లేనిదీ పరిశీలించవలసి ఉంటుందని జనార్దనరావు గారు మొదలుపెట్టారు.

"పరిశీలించండి. నాను కిందకెళ్లి సత్తెయ్య టీ తాగుతుంటాను" అని ఆవిడ సంచీ తీసుకుంది.

ఆవిడ మెట్లు దిగేలోపల సడలింపు మంజూరైంది.

ఆ మధ్యాహ్నం ఫైనలు పూర్తయింది. స్టూళ్లు లేవు, దరఖాస్తులు లేవు. మేమంతా గోడ వారగా నిలబడి చూశాం. మూల పోయినా కూర్మనాథం గారి గోడ మధ్యలోకి చూస్తూ ఉంది. ఆయన దాన్ని ఆనుకుని నీలవేణి రాళ్లను తరమడం మొదలుపెట్టారు. ఆవిణ్ని పంపించాలని ఆయనకు ఎంత ఉన్నా, ఆట దగ్గర ఒక్క రాయి కూడా వదల్లేదు. ఒక దశలో ఆవిడ గుంపు ఒకటి మధ్యలో చిక్కుకుపోయింది. ఆవిడ రాయి చేతిలో పట్టుకుని పావుగంట కదలలేదు. నుదుటి మీద చెమట బల్ల మీద పడుతుందేమోనని నాకు భయమేసింది. చివరికి ఎవరూ చూడని చోట, రెండు గీతల అవతల, ఒక రాయి పెట్టింది. కూర్మనాథం గారు దాన్ని చూసి వెనక్కి వాలి తల ఊపారు. లెక్క చూస్తే ఆవిడ మూడున్నర పాయింట్లతో గెలిచింది. తన రాళ్లు ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేసింది. జనార్దనరావు గారు అక్కడికక్కడే ధ్రువపత్రం మీద సంతకం పెట్టి ముద్ర వేశారు. "జిల్లా విజేత, నిబంధనలకు లోబడి" అని రాశారు.

మాట ప్రకారం ఆవిడ సలహా చెప్పింది. సత్తెయ్య బతికేశాడు, ఇక తీయలేరు. బయట గోడ కట్టుకోండి. అయితే ముందు ఏ పక్క అడ్డుకుంటారన్నదే అసలు సంగతి. మా ఆఫీసు గేటు తూర్పు గోడకు ఉంది, కొట్టుకు కాస్త దక్షిణంగా. కనుక ముందు గేటు వైపు అడ్డుకోవాలి. ఉత్తరపు గోడ వెంబడి ఉన్నది మురిక్కాలువే, అటు వదిలేసినా నష్టం లేదు. ఇది మూడుసార్లు చెప్పి, జనార్దనరావు గారి చేత తిరిగి చెప్పించుకుని, ఆవిడ జాతీయ పోటీలకు వెళ్లిపోయింది.

మేము అలాగే చేసేవాళ్లం. అయితే గేటు వైపు గోడకు కొత్త మంజూరు కావాలి. మురిక్కాలువ వెంబడి గోడకు మూడేళ్ల కిందటే మంజూరు వచ్చి, వాడకుండా పడి ఉంది. మంజూరైన గోడ ఉండగా మంజూరు కాని గోడ కట్టడం కుదరదు కదా. మురిక్కాలువ వైపు మొదలుపెట్టాం.

ఆ నాలుగు రోజులూ ఆఫీసులో ఎవరూ కుర్చీల్లో లేరు. కిటికీలన్నీ నిండిపోయాయి. మేస్త్రీ ఒక వరస ఇటుక పేర్చాడు. సత్తెయ్య గేటు వైపు ఒక రాట పాతాడు. మేస్త్రీ ఇంకో వరస పేర్చబోతే జనార్దనరావు గారు ఆపారు, ఇప్పుడు మన వంతు కాదని. నేను సత్తెయ్య మీద ఫిర్యాదు రాయాలా అని అడిగితే, ఆట జరుగుతుండగా మాట్లాడకూడదన్నారు. సత్తెయ్య కూడా మర్యాదగా, మా వరస పూర్తయి మేస్త్రీ తాపీ కింద పెట్టేదాకా తన రాట ముట్టుకోలేదు. మూడో రోజుకు అటెండర్లు రెండు పక్షాలుగా చీలిపోయారు. అర్జీలు పట్టుకొచ్చిన జనం అర్జీలు మరిచిపోయి చెట్ల కింద కూర్చుని చూశారు. మేము పదో వరస ముగించేసరికి మురిక్కాలువకు జిల్లాలోకెల్లా గట్టి గోడ వచ్చింది. సత్తెయ్య రేకులు తూర్పు గోడ పొడవునా జరుగుతూ వచ్చి, గేటును దాటి అవతల ఆగాయి.

ఇప్పుడు మా ఆఫీసు గేటు సత్తెయ్య కొట్టులో ఉంది. మేమంతా ఆ కొట్టులోంచే వచ్చి, ఆ కొట్టులోంచే వెళతాం. జీపు రోడ్డు మీద ఆగుతుంది. సత్తెయ్య ఎవరినీ అడ్డుకోడు. కానీ బెంచీల మధ్యలోంచి నడుస్తూ టీ తాగకుండా లోపలికి పోవడం ఎవరికీ బాగుండదు. జనార్దనరావు గారు కూడా మొదట్లో నిలబడి తాగేవారు, తర్వాత కూర్చుని తాగడం మొదలుపెట్టారు. ఆయన కూర్చోగానే అర్జీదార్లు చుట్టూ చేరేవారు. గ్లాసు ఖాళీ అయ్యేలోపల రెండు మూడు అర్జీలు తేలిపోయేవి. ఆ నెలలో మేము పరిష్కరించినన్ని అర్జీలు అంతకుముందు ఏడాదంతా కలిపినా లేవు. ప్రజల చెంతకు పరిపాలన తెచ్చినందుకు పై నుంచి మెప్పుతో ఉత్తరం వచ్చింది. నియమావళిని మిగతా జిల్లాలకూ పంపవలసిందని అందులోనే రాశారు.

నీలవేణి జాతీయ పోటీల్లో ఆరో స్థానంలో నిలిచింది. మన రాష్ట్రం నుంచి అంతదాకా వెళ్లినవాళ్లు లేరట. సెలవు కాగితాల మీద సంతకం కోసం వచ్చి, సత్తెయ్య దగ్గర టీ తాగి, గ్లాసు పట్టుకునే మా గోడ చుట్టూ ఒకసారి నడిచింది. ఏ పక్క నుంచి అడ్డుకున్నారని నన్నడిగింది. మంజూరు సంగతి చెప్పాను. ఆవిడ గోడను అరచేత్తో తట్టి చూసింది.

"ఎంతతో ఓడిపోయాం?" అని అడిగాను.

"అప్పుడే ఓడిపోడమేటి సార్. ఇంకా మూడు మూలలున్నాయి కదా" అంది. బస్సుకు వేళయిందని గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

నేను మేడ ఎక్కి కిటికీలోంచి చూశాను. నైరుతి మూల ఇద్దరు మనుషులు ఒక జిరాక్సు మిషన్ను జాగ్రత్తగా ఆటోలోంచి దించుతున్నారు. మూడో మనిషి రెండు తలుపులు మోసుకొచ్చి గోడకు ఆనించాడు. తిన్నగా జనార్దనరావు గారి గదిలోకి వెళ్లాను. ఆయన బల్ల మీద ఫైళ్లు పక్కకు జరిపి ఉన్నాయి. మధ్యలో కూర్మనాథం గారు ఇచ్చిన గో బల్ల ఉంది. నేను చెప్పింది మొత్తం విన్నారు. నోటీసు తయారుచేయమంటారేమోనని కలం తీశాను.

ఆయన డబ్బాలోంచి ఒక తెల్లరాయి తీసి, వేళ్ల మధ్య తిప్పుతూ, "వంతు ఎవరిది?" అని అడిగారు.

"మనదే సార్" అన్నాను.